పాఠం వినకుండానే ఇచ్చిన ఉద్యోగం

(వార్షిక సర్వసభ్య సమావేశంలో విద్యా కమిటీ తరఫున చేసిన ప్రసంగం)



ప్రతి సంవత్సరం ఈ సమావేశంలో మేము లేచి ఎంతమందికి ఫీజులు కట్టాం, ఎంతమంది పాసయ్యారు, ఎవరికి ఎక్కడ సీటు వచ్చింది అని చదివి కూర్చుంటాం. ఆ లెక్కలన్నీ ఈ సంచిక చివరి పేజీల్లో అచ్చయి ఉన్నాయి. ఈసారి మాకిచ్చిన సమయంలో ఒక్క దరఖాస్తు గురించే మాట్లాడతాం. మీరిచ్చిన సొమ్ములో 12,000 రూపాయలు మా సంతకాలతో మోసగాళ్ళ చేతికి పోయాయి. పద్దు పుస్తకంలో అది ‘శిక్షణ రుసుము’ అని ఒక్క వరసలో ఉంది. ఆ వరస వెనక ఏం జరిగిందో దాతలకు తెలియాలి.

మన మండలంలోనే ఒక పల్లె. ఊరి పేరు చెప్పం, అమ్మాయి పేరూ చెప్పం. తండ్రి బొల్లారం వైపు కాంట్రాక్టు పనికి పోతాడు, తల్లి ఇంట్లో మిషను కుడుతుంది. అమ్మాయి ఎం.ఏ. ఇంగ్లీషు, బి.ఎడ్., టెట్ పాసు. ఆమె ఇంటరు నుంచీ మన స్కాలర్‌షిప్పుతోనే చదివింది. 2017 నాటి టీఆర్‌టీ తరువాత పరీక్ష దాకా వచ్చిన డీఎస్సీ మళ్ళీ 2024లోనే వచ్చింది, 11,062 పోస్టులకు. అందులో ఆమెకు రాలేదు. ఒక ప్రైవేటు బడిలో 9,000 జీతానికి ఏడు పీరియడ్లు చెప్పుకుంటూ ఉంది. 2025 జూన్ 30న పాశమైలారంలో పేలుడు జరిగిన తరువాత ఈ ప్రాంతంలో ఇళ్ళ పరిస్థితి మీకు తెలుసు. షిఫ్టుకు పోయిన మనిషి తిరిగి వచ్చేదాకా ఇల్లాలు గడపలో నిలబడుతోంది. అప్పటి నుంచి మా దగ్గరికి వచ్చే తల్లులందరిదీ ఒకటే మాట: “ఇంట్ల కూసొని చేసే పని ఏదన్నా ఉంటే చూడుండ్రి సార్.”

సరిగ్గా అలాంటి పనే అమ్మాయి ఫోనులోకి వచ్చింది. విదేశీ పిల్లలకు ఆన్‌లైన్‌లో ఇంగ్లీషు చెప్పాలి, రోజుకు మూడు గంటలు, నెలకు 38,000, అనుభవం అవసరం లేదు. వాట్సాప్‌లో ఫారం నింపింది. అరగంటలో అభినందనలు, మరుసటి రోజు ఆఫర్ లెటర్. రంగుల అచ్చు, గుండ్రటి ముద్ర, కింద రెండు సంతకాలు. ఉద్యోగంలో చేరాలంటే ముందు శిక్షణ, దానితో పాటు అంతర్జాతీయ సర్టిఫికెట్, రుసుము 12,000. ఆమె దరఖాస్తు పెట్టుకుంది. జుమా నమాజు తరువాత మేము నలుగురం మసీదు పక్క గదిలో కూర్చుని పది నిమిషాల్లో మంజూరు చేశాం. బి.ఎడ్. చదివించిన బిడ్డకు మొదటి ఉద్యోగం వస్తోందన్న సంతోషం మాది. లెటరును చేతులు మార్చి మార్చి చూశాం కూడా. ఒకరు ముద్ర బాగుందన్నారు.

తరువాత 18,500 డిపాజిట్ అడిగారు, ఆరు నెలల తరువాత తిరిగి ఇస్తామన్నారు. ఈసారి అమ్మాయి మొహమాటపడి మమ్మల్ని అడగలేదు. తల్లి గాజులు సంగారెడ్డిలో తాకట్టు పెట్టి కట్టింది. మూడోసారి, కంపెనీ పంపే ల్యాప్‌టాప్‌కు కొరియరు, బీమా అంటూ 24,000 అడిగారు. అప్పుడు మా బడికి వచ్చింది. స్టాఫ్ రూములో నిలబడి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. చివరికి ఒక మాట అంది: “సార్, వాళ్ళు ఇప్పటిదాంక నా గొంతు కూడా ఇనలేదు సార్.”

ఆ మాట మాకు ఎలా తగిలిందో చెప్పలేం. ఇరవై అయిదేళ్ళుగా పాఠాలు చెబుతున్నాం. మా బడిలో నెల రోజుల సెలవు ఖాళీలో ఎవరైనా పనిచేస్తామని వస్తే, హెడ్మాస్టరు ముందు సుద్దముక్క చేతికిచ్చి ఆరో తరగతికి పదినిమిషాలు చెప్పమంటారు. కూరగాయలు కొనేవాడు కూడా వంకాయ తిప్పి చూస్తాడు. ఇంగ్లీషు టీచరును పెట్టుకునేవాడు ఆ టీచరు ఇంగ్లీషు వినకుండా నెలకు 38,000 ఇస్తానంటే, మా నలుగురిలో ఒక్కరికీ అనుమానం రాలేదు. ఆ అమ్మాయికే వచ్చింది, అదీ ఆలస్యంగా.

ఆ తరువాత మేము ఈ విషయం కూర్చుని చదివాం, తెలిసినవాళ్ళను అడిగాం. అందులో మీకు, మీ ఇళ్ళలోని పిల్లలకు పనికొచ్చేది చెబుతాం.

మొదట ఒక మాట. ఆన్‌లైన్‌లో ఇంగ్లీషు చెప్పడమే మోసం అని ఎవరూ ఇంటికి పోయి చెప్పవద్దు. ఈ పని ఉంది, ఇరవై ఏళ్ళుగా ఉంది. 2005లో బెంగళూరులో ట్యూటర్‌విస్టా అనే సంస్థ మొదలైంది. మన దేశపు టీచర్లు ఇంట్లో కంప్యూటరు ముందు కూర్చుని అమెరికా పిల్లలకు పాఠాలు చెప్పారు. 2011లో దాన్ని పియర్సన్ కొన్నది, 2017లో బైజూస్ చేతికి వచ్చింది. చైనాలో 51టాక్ అనే కంపెనీ ఫిలిప్పీన్స్ టీచర్లతో చైనా పిల్లలకు ఇంగ్లీషు చెప్పించి, 2016లో న్యూయార్కు షేర్ మార్కెట్‌దాకా పోయింది. ఫిలిప్పీన్స్ వాళ్ళకు ఇంగ్లీషు తల్లిభాష కాదు. మన పిల్లల్లాగే బడిలో నేర్చుకున్నవాళ్ళు. కనుక మన అమ్మాయిలు ఆశపడటంలో తప్పు లేదు.

అయితే నిజమైన కంపెనీ కూడా శాశ్వతం కాదన్నది దాని వెంటే తెలుసుకోవాలి. బీజింగ్‌లో 2013లో పుట్టిన విప్‌కిడ్ అమెరికా, కెనడాల టీచర్లను మాత్రమే పెట్టుకుని పెద్ద కంపెనీ అయింది. 2021 జులైలో చైనా ప్రభుత్వం ట్యూషన్ల మీద కొత్త నిబంధనలు తెచ్చి, దేశం బయట ఉన్న విదేశీ టీచర్లతో పిల్లలకు పాఠాలు చెప్పించకూడదంది. అంతే, కొన్ని నెలల్లోనే ఆ వ్యాపారం కూలిపోయింది. మన దగ్గర 2020లో బైజూస్ 30 కోట్ల డాలర్లు పెట్టి వైట్‌హ్యాట్ జూనియర్‌ను కొన్నప్పుడు, ఇంటి నుంచి పాఠాలు చెప్పే ఆడవాళ్ళకు అది పెద్ద ఆధారం అనుకున్నారు. 2024 జులై నాటికి బైజూస్ మాతృసంస్థే దివాలా విచారణకు వచ్చింది. ఇవి ఎందుకు చెబుతున్నామంటే, నిజమైన ఆఫర్ చేతిలో ఉన్నా సరే, ఉన్న బడి ఉద్యోగాన్ని మొదటి నెలలోనే వదిలేయమని మేము ఎవరికీ చెప్పం.

ఇక నిజంగా టీచర్లను తీసుకునేవాళ్ళు ఎలా తీసుకుంటారు? వాళ్ళ పద్ధతి మనిషిని విసిగిస్తుంది. చిన్న వీడియోలో పరిచయం చేసుకోమంటారు. ఇంటర్నెట్ వేగం పరీక్షిస్తారు, కెమెరా, హెడ్‌ఫోను చూస్తారు. తరువాత ముఖాముఖి మాట్లాడతారు. ఆ పైన డెమో పాఠం. అవతల ఒక పెద్దమనిషి ఎనిమిదేళ్ళ పిల్లవాడిలా నటిస్తూ, కావాలనే తప్పు చెబుతూ, మధ్యలో లేచి పోతూ ఉంటాడు. మనం ఎలా దారికి తెచ్చుకుంటామో చూస్తాడు. చాలామందిని అక్కడే వద్దంటారు. వద్దన్నందుకు మన పిల్లలు ఏడుస్తారు. మా అనుభవంతో చెబుతున్నాం, వద్దని చెప్పగలిగే కంపెనీయే కొంచెం నమ్మదగిన కంపెనీ. దరఖాస్తు పెట్టిన ప్రతి ఒక్కరినీ అరగంటలో మెచ్చుకునేవాడికి కావలసింది మన పాఠం అయి ఉండదు.

డెమోలో కూడా ఒక కిటుకు ఉంది. పది పదిహేను నిమిషాల డెమో న్యాయమే. కొందరు మాత్రం ఉద్యోగం ఇచ్చే ముందే అయిదారు పూర్తి పాఠాల వీడియోలు, నెలకు సరిపడా వర్క్‌షీట్లు తయారుచేసి పంపమంటారు. పంపాక ఆ నంబరు పలకదు. డబ్బు పోలేదు కదా అనుకుంటాం, పోయింది పది రోజుల పని. ఆడపిల్లల విషయంలో వీడియో అంటే ఇంకో భయమూ ఉంది, విడమరచి చెప్పనక్కరలేదు. ఎవరికి పంపుతున్నామో తెలియకుండా ముఖం ఉన్న వీడియో పంపకూడదు.

జీతం మాటకు వద్దాం. మోసం లేని చోట కూడా మన పిల్లలు మోసపోయేది ఇక్కడే, లెక్క వేసుకోక. ప్రకటనలో 25 నిమిషాల పాఠానికి 125 రూపాయలు అని ఉందనుకోండి. గంటకు 250, రోజుకు నాలుగు గంటలు, నెలకు 30,000 అని ఇంట్లో లెక్క కట్టేస్తారు. జరిగేది వేరు. సాయంత్రం ఆరు నుంచి పది దాకా ఎనిమిది పాఠాలకు తలుపు తెరిచి కూర్చుంటే, బుక్ అయ్యేవి నాలుగు. చేతికి 500. నాలుగు గంటలు కదలకుండా కూర్చున్నాం, అంటే గంటకు 125. ప్రతి పాఠం తరువాత పిల్లవాడి గురించి రిపోర్టు రాయాలి, దానికి పది నిమిషాలు, డబ్బు లేదు. పిల్లవాడు రాకపోతే సగమే ఇచ్చేవాళ్ళు ఉన్నారు, అసలు ఇవ్వనివాళ్ళూ ఉన్నారు. కరెంటు పోయి మనమే మధ్యలో ఆగిపోతే జరిమానా. మన పల్లెల్లో వానాకాలం సాయంత్రాలు ఎలా ఉంటాయో మీకు చెప్పేదేముంది.

కొన్ని వేదికలు ఉద్యోగం ఇవ్వవు, సంతలో చోటు ఇస్తాయి. ప్రిప్లీ అలాంటిదే. అక్కడ ధర మనమే పెట్టుకోవచ్చు. కానీ ప్రతి కొత్త విద్యార్థితో జరిగే మొదటి పరిచయ పాఠం డబ్బు మొత్తం వేదికకే పోతుంది. తరువాతి పాఠాల మీద కొత్త టీచరు నుంచి 33 శాతం తీసుకుంటారు. గంటకు 600 పెట్టుకున్న మన అమ్మాయికి 402 మిగులుతుంది. వందల గంటలు చెప్పాక ఆ వాటా 18 శాతానికి తగ్గుతుంది. ఐటాకీలో ఈ వాటా 15 శాతం. ఇవి దాచిన సంగతులు కావు, వాళ్ళ నిబంధనల్లోనే రాసి ఉంటాయి, మన పిల్లలు చదవరు. మోసానికీ గీచి గీచి ఇచ్చే బేరానికీ తేడా తెలియాలి. రెండోదాన్ని కళ్ళు తెరిచి ఒప్పుకోవచ్చు. ఒక విషయం గమనించండి, ఇక్కడ కూడా వేదిక మన సంపాదనలోంచి కోసుకుంటుంది తప్ప మనం ఇంట్లోంచి తెచ్చి కట్టేది లేదు.

వేళలు కూడా చూడాలి. సౌదీ మనకంటే రెండున్నర గంటలు వెనక. అక్కడి పిల్లవాడు సాయంత్రం నాలుగుకు కూర్చుంటే మనకు ఆరున్నర, ఇది కుదిరే వేళ. జపాను మనకంటే మూడున్నర గంటలు ముందు, అక్కడి సాయంత్రం మన మధ్యాహ్నం, బడిలో పనిచేసేవాళ్ళకు కుదరదు. అమెరికా పిల్లల సాయంత్రం అంటే మనకు తెల్లవారుజాము. ఫజర్‌కు లేచేవాళ్ళకు ఇబ్బంది లేదని మాలో ఒకరు చమత్కరించారు. కానీ మూడింటికి లేచి పాఠం చెప్పి, తొమ్మిదింటికి బడికి పోయే అమ్మాయి ఎన్నాళ్ళు నిలుస్తుంది?

సర్టిఫికెట్ల సంగతి మేము ఉపాధ్యాయులం కనుక కొంచెం గట్టిగా చెబుతాం. 120 గంటల సర్టిఫికెట్ అని ఆన్‌లైన్‌లో వందలకొద్దీ అమ్ముతున్నారు. వాటన్నిటినీ పరీక్షించి ఆమోదించే ఒకే ప్రపంచ సంస్థ ఏదీ లేదు. కేంబ్రిడ్జి వారి సెల్టా అనే కోర్సుకు విలువ ఎందుకుందంటే, అందులో నిజమైన విద్యార్థుల ముందు ఆరు గంటలు పాఠం చెప్పాలి, శిక్షకుడు వెనక కూర్చుని తప్పులు రాసుకుంటాడు. మన బి.ఎడ్.లో టీచింగ్ ప్రాక్టీసు కూడా అదే కదా. లెసన్ ప్లాన్ పుస్తకం పట్టుకుని అబ్జర్వర్ సంతకం కోసం మేమెంత తిరిగామో గుర్తుంది. ఎవరూ చూడకుండా, ఒక్క పాఠమూ చెప్పకుండా, వారంలో చేతికొచ్చే సర్టిఫికెట్టుకు దాతల సొమ్ము పెట్టం. ఇంగ్లీషు బోధనలో నిజంగా నేర్చుకోవాలనుకునేవాళ్ళకు హైదరాబాదులో ఇఫ్లూ ఉంది. 1958లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లిష్‌గా మొదలైంది, మా తరం వాళ్ళం ఇప్పటికీ సీఫెల్ అనే అంటాం. ఉపాధ్యాయుల కోసమే అక్కడ కోర్సులు నడిచాయి, దాని పేరు ఎక్కడ చెప్పినా చెల్లుతుంది.

కొన్ని ఆఫర్లలో తల్లిభాష ఇంగ్లీషు అయినవాళ్ళే కావాలని ఉంటుంది. అమెరికా, బ్రిటన్, కెనడా, ఐర్లండ్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, దక్షిణాఫ్రికా, ఈ ఏడు దేశాల పేర్లు వరుసగా రాస్తారు. అది అన్యాయమే, వాదించవచ్చు. అయితే ఆ ప్రకటన చూసి, ఫలానా సర్టిఫికెట్టు కొంటే మీకూ చోటు దొరుకుతుందని చెప్పే దళారి వస్తే మాత్రం అది పక్కా అబద్ధం. పాస్‌పోర్టు ఏ దేశానిదో సర్టిఫికెట్టు మార్చలేదు.

ఇక అసలు దొంగల సంగతి. వీళ్ళు ఎక్కువగా నిజమైన కంపెనీ పేరే వాడుకుంటారు. అందుకే కంపెనీ పేరు వెతికి చూశాం, ఉంది అంటే చాలదు. ఆ కంపెనీ వెబ్‌సైటు చిరునామాను మనమే కొట్టి లోపలికి పోయి, ఉద్యోగాల పేజీలో ఈ ఉద్యోగం ఉందా, మనకు వచ్చిన మెయిలు చిరునామా అదేనా చూడాలి. ఒక్క అక్షరం తేడా ఉంటుంది, లేదా మామూలు జీమెయిల్ ఉంటుంది. మన దేశపు కంపెనీ అయితే కార్పొరేట్ వ్యవహారాల శాఖ పోర్టల్‌లో ఎప్పుడు రిజిస్టరు అయిందో, ఆఫీసు ఎక్కడుందో చూడవచ్చు. నిన్న కాక మొన్న పుట్టిన కంపెనీ పదేళ్ళ అనుభవం చెప్పుకుంటే అక్కడే ఆగాలి. రిజిస్టరు అయినంత మాత్రాన మంచివాళ్ళని కాదు. రిజిస్టరే లేనివాళ్ళను వడకట్టడానికి మాత్రం ఇది పనికొస్తుంది.

ఆధార్, పాన్ అడిగితే నిజమైన కంపెనీ కూడా అడుగుతుంది, కానీ ఎంపిక అయిన తరువాత. ఫారం నింపేటప్పుడే బ్యాంకు పాస్‌బుక్కు, ఏటీఎం కార్డు, ఓటీపీ దాకా అడిగేవాడికి పంపకండి. డబ్బు అందుకోవడానికి యూపీఐ పిన్ను ఎప్పుడూ అవసరం లేదు, డబ్బు పోవడానికే కావాలి. ఇంకో రకం ఉంది, ఇది మరీ ప్రమాదం. విదేశీ తల్లిదండ్రుల ఫీజులు మీ ఖాతాలోకి వస్తాయి, మీ వాటా ఉంచుకుని మిగిలింది ఫలానా ఖాతాకు పంపండి అంటారు. ఆ వచ్చే డబ్బు ఇంకెవరినో మోసం చేసి తెచ్చింది. పోలీసులు వచ్చేది మన ఇంటికే. ఖాతా స్తంభిస్తుంది, తండ్రి జీతం అందులోనే పడుతుంటే అదీ ఆగుతుంది. ఉద్యోగం ఎంత పెద్దదైనా ఖాతా అద్దెకు ఇవ్వకూడదని ఇక్కడున్న తల్లులు ఈ రాత్రే ఇంట్లో చెప్పాలి.

చిన్న పనులు చేయించుకుని మొదట డబ్బు ఇచ్చేవాళ్ళూ ఉన్నారు. ఇంగ్లీషు పేరా చదివి రికార్డు చేసి పంపితే 150 వేస్తారు. రెండు రోజులు నిజంగానే పడతాయి. మూడో రోజు టెలిగ్రామ్ గ్రూపులో చేర్చి, పెద్ద పని కావాలంటే ముందు కొంత కట్టాలంటారు. ఇలాంటి పార్ట్‌టైమ్ ఉద్యోగాల వల వేసే వందకు పైగా వెబ్‌సైట్లను 2023 డిసెంబరులో కేంద్రం నిలిపివేసింది. అవి పోతే ఇంకో వంద వచ్చాయి. మరికొందరు వర్క్‌షీట్లు దిద్దే పని ఇచ్చి, ఒప్పందం మీద సంతకం తీసుకుని, తప్పులున్నాయి కనుక నష్టపరిహారం కట్టండి, లేకపోతే కోర్టు నోటీసు అని బెదిరిస్తారు. వకీలు ముద్రతో కాగితం వాట్సాప్‌లో వస్తుంది. ఆడపిల్ల భయపడి ఇంట్లో చెప్పకుండా కట్టేస్తుంది. ఇంట్లో చెబితే తిడతారన్న భయం ఆ దొంగకు మనమిచ్చిన ఆయుధం.

ఆన్‌లైన్‌లో మొదలై పాస్‌పోర్టు దాకా పోయే ఆఫర్లు కూడా వస్తున్నాయి. థాయిలాండ్, మయన్మార్‌లలో నకిలీ ఉద్యోగాల ముఠాల గురించి 2022 సెప్టెంబరులోనే విదేశాంగ శాఖ హెచ్చరించింది. 2024 మేలో విశాఖ పోలీసులు బయటపెట్టిన కంబోడియా కేసులో, డేటా ఎంట్రీ పని అని తీసుకుపోయిన పిల్లలతో అక్కడ సైబర్ మోసాలు చేయించారు. వాళ్ళూ మన పిల్లల్లాంటివాళ్ళే, ఇంగ్లీషు, కంప్యూటరు వచ్చినవాళ్ళు. విదేశానికి పంపే ఏజెంటు ఈ-మైగ్రేట్ జాబితాలో ఉండాలి. అతడు తీసుకోగల సేవా రుసుముకు 30,000, దాని మీద జీఎస్టీ అని హద్దు ఉంది. మన రాష్ట్ర ప్రభుత్వానికే టామ్‌కామ్ అనే సంస్థ ఉంది, ముందు అక్కడ అడగాలి.

మన అమ్మాయి విషయంలో మేము చేసిన రెండో తప్పు ఆలస్యం. డబ్బు పోయిందని తెలిసిన వెంటనే 1930 నంబరుకు ఫోను చేయాలి, జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు రాయాలి. డబ్బు ఇంకా దొంగ ఖాతాలో ఉండగానే ఆపగలిగితే ఆపుతారు, గంటలు గడిచేకొద్దీ అది పది ఖాతాలకు చీలిపోతుంది. మేము చర్చించుకుంటూ, ఊళ్ళో పరువు పోతుందని వెనకాడుతూ పన్నెండు రోజులు గడిపాం. ఫిర్యాదు నమోదైంది. డబ్బు రాలేదు.

ఆ 12,000 దాతల అమానత్. మేము నలుగురం తలా 3,000 వేసి తిరిగి జమ చేశాం, రశీదు కోశాధికారి దగ్గర ఉంది. మెచ్చుకోండని చెప్పడం లేదు. సంతకం చేసేవాడు చదివి సంతకం చేయాలి, మేము చదవలేదు.

ఇప్పటి నుంచి ఉద్యోగం కోసం కట్టే ఏ రుసుముకూ మా కమిటీ ఒక్క రూపాయి మంజూరు చేయదు. శిక్షణ, డిపాజిట్, కిట్టు, ఐడీ కార్డు, దాని పేరేదైనా సరే. ఆ సొమ్ముతో వేరే పని చేద్దామని మా కోరిక. మన భవనంలో లైబ్రరీ వెనక గది ఖాళీగా ఉంది. దానికి తీగ ద్వారా వచ్చే ఇంటర్నెట్, ఒక ఇన్వర్టరు, రెండు పాత ల్యాప్‌టాప్‌లు, మంచి హెడ్‌ఫోన్లు, గోడకు ఒక తెర కావాలి. పల్లెలో సిగ్నలు లేక డెమోలో పోయిన పిల్లలు వచ్చి అక్కడ కూర్చుని చెప్పుకోవచ్చు. మీలో రిటైరైన టీచర్లు ఉన్నారు. నెలకు ఒక ఆదివారం వచ్చి, అల్లరి పిల్లవాడిలా నటించి ఈ అమ్మాయిల డెమో వినండి. పటాన్‌చెరు, పాశమైలారం కంపెనీల్లో మనుషులను చేర్చుకునే విభాగాల్లో పనిచేసినవాళ్ళు కనీసం ముగ్గురు ఈ హాల్లో ఉన్నారని మాకు తెలుసు. ఆఫర్ లెటరు మీరు చదివితే ముద్ర చూసి మురిసిపోరు. ఒక్క ఫోటో పంపితే చూసి చెప్పండి చాలు. డబ్బు ఇవ్వలేనివాళ్ళు కూడా ఇవ్వగలిగిన సాయం ఇది.

అమ్మాయి సంగతి అడుగుతారని తెలుసు. మూడు వారాలు బడికి కూడా పోలేదు. తరువాత మా ఎదుట కూర్చుని ఒక నిజమైన వేదికకు దరఖాస్తు పెట్టింది. డెమో ఇచ్చింది, నెట్టు రెండుసార్లు ఆగింది, వద్దన్నారు. ఆ రోజు ఆమె ముఖంలో మేము బాధ చూస్తామనుకున్నాం. “వాళ్ళు ఇరవై నిమిషాలు విన్నారు సార్, నా ఉచ్చారణ ఎక్కడ తప్పో కూడా చెప్పిండ్రు” అంది. ఇప్పుడు రియాద్‌లో ఉన్న మన ప్రాంతపు కుటుంబాల పిల్లలు అయిదుగురికి సాయంత్రం ఆరున్నర నుంచి చెబుతోంది. దళారి లేడు, వేదిక లేదు. తల్లిదండ్రులు నెల మొదట్లోనే పంపుతారు. అందరిదీ కలిపి 7,500 వస్తోంది. బడి ఉద్యోగం వదల్లేదు.

మిగిలింది గాజుల సంగతి. ఆ 18,500 మీద నెల నెలా వడ్డీ పెరుగుతోంది. మన ఇళ్ళలో వడ్డీ అంటే ఎంత బరువో ఇక్కడ ఎవరికీ వివరించనక్కరలేదు. తాకట్టు గడువు రంజాన్‌కు ముందే ముగుస్తుంది. దానంగా ఇస్తే తీసుకోనని ఆ తల్లి చెప్పింది. కనుక ఖర్జ్-ఎ-హసనాగా ఎవరైనా ముందుకు వస్తే, నెలకు 1,500 చొప్పున తీరుస్తానని అమ్మాయి తన చేత్తో రాసి ఇచ్చింది. ఆ కాగితం కోశాధికారి గారి బల్ల మీద ఉంది. ఈసారి మేము దాన్ని రెండుసార్లు చదివాం.